మర తిప్పితే ఏ ఊరు పలుకుతుంది?

మైదుకూరులో నాలుగు రోడ్లు కలుస్తాయి. ఒక రోడ్డు కడపకు పోతుంది. ఒకటి ప్రొద్దుటూరుకు పోతుంది. ఒకటి నంద్యాల మీదుగా కర్నూలుకు, ఇంకొకటి బద్వేలు మీదుగా నెల్లూరుకు పోతాయి. నాలుగు రోడ్ల కాడ నిలబడితే అన్ని ఊర్ల బస్సులూ కనబడతాయి. బస్సు మీద బోర్డు చదవడం వస్తే చాలు. ఎవర్నీ అడిగే పని లేదు.

రేడియో కూడా అట్లాంటి కూడలే. గాలిలో ఎన్నో ఊర్ల మాటలు, పాటలు పోతూ ఉంటాయి. మన ఇంటి మీదుగానే పోతాయి. మర తిప్పి, ముల్లు సరైన చోట నిలిపితే ఆ ఊరు పలుకుతుంది. ఇక్కడ కూడా బోర్డు చదవడం రావాలి. రేడియో మీద ఉండే బోర్డు అంకెలే.

ఇట్లా మర తిప్పుతూ, ఏ నంబరులో ఏ ఊరు పలుకుతుందో వెతికి, పుస్తకంలో రాసుకోవడం కొందరికి ఒక సరదా. ప్రపంచమంతటా ఈ సరదా ఉన్నవాళ్లు ఉన్నారు. దీనికి పెద్ద ఖర్చు లేదు. ఒక చిన్న రేడియో, రెండు సెల్లులు, ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు ఉంటే మొదలు పెట్టొచ్చు.

మైదుకూరు పక్కన పల్లెలో ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో అత్తా కోడలూ ఉన్నారు. పగలంతా పసుపు పని. కొమ్ములు ఉడకబెట్టడం, ఆరబెట్టడం. రాత్రి అన్నాలు అయినాక అత్త పాత రేడియో తీసింది.

"ఇప్పుడేం వస్తాది అత్తా? సెల్‌ఫోన్ ఉండాది గదా!" అంది కోడలు.

"ఫోన్‌లో నువ్వు పెట్టిందే వస్తాది. దీంట్లో ఏం వస్తాదో నాకూ తెలీదు. అదే చూస్తాండా" అంది అత్త.

ఆ మాటలోనే ఈ సరదా అంతా ఉంది.

ఒకప్పుడు చాలా ఇండ్లలో రేడియో మగవాళ్ల చేతి వస్తువు. వాళ్లు పెట్టిందే అందరూ వినాలి. ఆడవాళ్లు వంటింట్లో నుంచి విన్నదే విన్నట్టు. స్టేషను మార్చాలంటే కొడుకునో, భర్తనో పిలవాలి. అంకెలు తెలియవు, మర ముట్టుకుంటే చెడిపోతుందనే భయం. మర తిప్పితే రేడియో చెడిపోదు. తప్పు చోట నిలిస్తే గరగరమంటుంది, అంతే. మళ్లీ తిప్పొచ్చు.

సెట్టును చదవడం

రేడియో ముందు వైపు ఒక పట్టీ ఉంటుంది. దాని మీద అంకెలు ఉంటాయి. అవి మనం బడిలో నేర్చుకున్న అంకెలే. పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాని కాడ ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఎం.డబ్ల్యు. అంటే మీడియం వేవ్. ఎస్.డబ్ల్యు. అంటే షార్ట్ వేవ్. మూడోది ఎఫ్.ఎం. కొన్ని సెట్ల మీద ఎం.డబ్ల్యు. బదులు ఎ.ఎం. అని ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే చింత లేదు. ఒకసారి పిల్లల చేత చదివించి, పక్కన తెలుగులో రాసిన చీటీ అంటించుకోవాలి. తర్వాత ఎవరినీ పిలిచే పని ఉండదు.

మొదట మీడియం వేవ్ పెట్టాలి. కడప ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో దాని నంబరు 900. మన వైపు ఎన్నో ఇండ్లలో ముల్లు ఏళ్ల తరబడి ఆ నంబరు కాడే నిలబడి ఉండేది. పాత సెట్ల మీద చోటు చాలక చివరి సున్న రాయరు. అందులో 80 అంటే 800 అన్నమాట, 100 అంటే 1000. కాబట్టి 80కీ 100కీ నడుమ కడపను వెతకాలి.

900 అంటే ఏమి? దాని పూర్తి పేరు 900 కిలోహెర్ట్జ్. చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి. అట్లే రేడియో స్టేషను స్తంభం నుంచి అలలు లేస్తాయి. అవి కంటికి కనబడవు. కడప స్తంభం నుంచి ఒక్క సెకనుకు 9 లక్షల అలలు లేస్తాయి. కిలో అంటే వెయ్యి. 900 వేలు అంటే 9 లక్షలు. ఒక్కొక్క స్టేషనుకు ఒక్కొక్క లెక్క ఇస్తారు. అందుకే ఒకరి పాటలో ఇంకొకరి మాట కలవదు. మనం మర తిప్పినప్పుడు రేడియోతో, 'సెకనుకు ఇన్ని అలలు వచ్చేదాన్నే పట్టుకో, మిగతావి వదిలెయ్యి' అని చెప్తున్నామన్నమాట.

ఇక్కడ ఒక తమాషా ఉంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల నంబర్లన్నీ 9వ ఎక్కంలోనివే. 531తో మొదలై, తొమ్మిది తొమ్మిది చొప్పున పెరిగి, 1602 దాకా పోతాయి. మొత్తం 120 చోట్లు. 9వ ఎక్కంలోని నంబరును ఎట్లా గుర్తు పట్టాలి? అంకెలు కూడితే 9 రావాలి. హైదరాబాదు నంబరు 738. ఏడూ మూడూ పది, పదీ ఎనిమిదీ పద్దెనిమిది. ఒకటీ ఎనిమిదీ తొమ్మిది. సరిపోయింది. విజయవాడ 837. అదీ అంతే. చెన్నై 720, బెంగుళూరు 612, విశాఖపట్నం 927. కూడి చూస్తే అన్నీ తొమ్మిదికే వస్తాయి.

ఇది ఆట కోసమే కాదు, పనికి వచ్చే లెక్క. ముల్లు సెట్టులో నంబరు కచ్చితంగా తెలియదు. 'సుమారు 835 ఉంటుంది' అనిపిస్తుంది. ఎనిమిదీ మూడూ ఐదూ పదహారు. ఒకటీ ఆరూ ఏడు. తొమ్మిది రాలేదు, కాబట్టి 835లో స్టేషను ఉండదు. దగ్గరలో ఉండేది 837. అది విజయవాడ కావచ్చు. అమెరికాలో అయితే ఈ లెక్క పనికిరాదు. అక్కడ నంబర్లు పది పది చొప్పున పెరుగుతాయి.

పగలు ఒక రకం, రాత్రి ఒక రకం

పగలు మర తిప్పితే కడప గట్టిగా పలుకుతుంది. మైదుకూరుకు కడప సుమారు 40 కిలోమీటర్లే. దూరం ఊర్లు పెద్దగా పలకవు. పొద్దు గూకినాక తిప్పితే సంత మాదిరి ఉంటుంది. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంకా ఏవేవో భాషలు.

ఎందుకు అట్లా? మన తల మీద చాలా ఎత్తున గాలి పొరలు ఉన్నాయి. ఎండ తగిలితే వాటిలో కింది పొర మీడియం వేవ్ అలలను మింగేస్తుంది. అందుకే పగలు అలలు నేల వెంట పోయినంత దూరమే పోతాయి. పొద్దు మునిగితే ఆ కింది పొర కరిగిపోతుంది. అప్పుడు అలలు ఇంకా పైకి, వంద కిలోమీటర్లు దాటి పోతాయి. అక్కడ ఇంకొక పొర ఉంటుంది. అద్దం మీద పడిన వెలుతురు తిరిగి వచ్చినట్టు, దాని మీద పడిన అలలు కిందికి తిరిగి వస్తాయి. ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల లేచిన అల మన పెరట్లో దిగుతుంది. ఆ పొర నిలకడగా ఉండదు. అందుకే దూరం స్టేషను కాసేపు గట్టిగా, కాసేపు సన్నగా వినబడుతుంది. సెట్టు చెడిపోయిందని కొట్టకూడదు. రెండు నిమిషాలు ఆగితే గొంతు మళ్లీ వస్తుంది.

చలికాలం రాత్రులు వినడానికి మంచివి. రాత్రి పొడుగు, ఉరుములూ తక్కువ. వానాకాలంలో ఎక్కడ మెరుపు మెరిసినా రేడియోలో పటపటమంటుంది.

ఎఫ్.ఎం. దారి వేరు. ఆ అలలు సూటిగా పోతాయి. కొండ అడ్డం వస్తే అవతల సరిగ్గా అందవు. మాట మాత్రం తేటగా ఉంటుంది. దగ్గరి స్టేషనుకు ఎఫ్.ఎం. మేలు. దూరం వెతుక్కునే సరదాకు మీడియం వేవ్, షార్ట్ వేవ్.

గరగర ఎక్కువైతే ముందు ఇంట్లో చూసుకోవాలి. ట్యూబులైటు, ఎల్.ఇ.డి. బల్బు, ఫోన్ ఛార్జరు, టీవీ ఇవన్నీ రేడియోకు శత్రువులే. వాటికి దూరంగా, అరుగు మీదనో మిద్దె మీదనో పెట్టుకోవాలి. కరెంటు పోయిందంటే అందరూ విసుక్కుంటారు. రేడియో వినేవాళ్లకు మాత్రం అదే మంచి సమయం. ఊరంతా కరెంటు పోతే గరగర ఒక్కసారిగా అణిగిపోతుంది. అప్పటిదాకా వినబడని ఊరు వినబడుతుంది.

ఇంకొక కిటుకు ఉంది. సెట్టు లోపల నల్లని కడ్డీ ఒకటి ఉంటుంది. మీడియం వేవ్ అలలను పట్టేది అదే. కడ్డీకి అడ్డంగా వచ్చే అల బాగా అందుతుంది. కడ్డీ కొన వైపు నుంచి వచ్చే అల సరిగ్గా అందదు. అందుకే రెండు స్టేషన్లు కలిసిపోయి గందరగోళంగా ఉంటే మర తిప్పకూడదు. సెట్టునే మెల్లగా పక్కకు తిప్పాలి. ఒక స్టేషను అణిగి, రెండోది పైకి వస్తుంది. పైకి లాగే పొడుగు కమ్మీ మీడియం వేవ్‌కు పనికిరాదు. అది ఎఫ్.ఎం.కు, షార్ట్ వేవ్‌కు.

మర తిప్పడం ఎప్పుడు అలవాటైంది?

1952 తర్వాత కొన్నేళ్లు ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు లేవు. శాస్త్రీయ సంగీతమే వినాలని అప్పటి పెద్దలు అనుకున్నారు. జనం ఊరుకుంటారా? మర తిప్పినారు. సముద్రం అవతల కొలంబో నుంచి రేడియో సిలోన్ పలికింది. అందులో సినిమా పాటలే పాటలు. ముందు హిందీ పాటలు విన్నారు. తెలుగు పాటలు కూడా వచ్చేవి. తెలుగు పాటలు వేసిన మీనాక్షి పొన్నుదురై గొంతు చాలామందికి ఇప్పటికీ గుర్తు. గరగరలో నుంచి ఆ గొంతు పట్టుకోవడానికి ఎంతమంది ఓపికగా మర తిప్పినారో! చివరకు ఆకాశవాణే దిగి వచ్చి, 1957లో వివిధ భారతి మొదలు పెట్టింది.

ఆ రోజుల్లో రేడియో ఉంటే లైసెన్సు ఉండాలి. పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టాలి. లైసెన్సు పుస్తకం ఇంట్లో జాగ్రత్తగా దాచుకోవాలి. 1980లలో ఆ లైసెన్సు తీసేశారు. ఇప్పుడు రేడియో వినడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పుస్తకంలో ఏం రాయాలి?

విని వదిలేస్తే అది ఉత్త వినడమే. రాసుకుంటేనే ఈ సరదా మొదలైనట్టు. నోటు పుస్తకంలో గీతలు గీసుకోవాలి. తేదీ, టైము, నంబరు, భాష, ఏం విన్నాము, ఎట్లా వినబడింది. ఎట్లా వినబడిందో చెప్పడానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. 5 అంటే తేటగా ఉంది. 1 అంటే ఏమీ అర్థం కాలేదు.

ఒక వరుస ఇట్లా ఉంటుంది:

జనవరి 10. రాత్రి 9 గంటల 15 నిమిషాలు. 612. కన్నడం. ఆడమనిషి మాట, తర్వాత పాట. 3.

భాష తెలియకపోతే 'తెలియదు' అని రాయాలి. ఊహించి రాయకూడదు. స్టేషను పేరు తెలుసుకోవాలంటే గంట కొట్టే వేళకు వినాలి. గంటకూ అరగంటకూ చాలా స్టేషన్లు తమ పేరు చెప్తాయి. భాష రాకపోయినా 'ఆకాశవాణి' అనే మాట, ఊరి పేరు చెవికి అందుతాయి. తెల్లవారి ఆకాశవాణి మొదలయ్యేటప్పుడు వచ్చే రాగం అందరికీ తెలిసిందే. దాన్ని 1930లలో వాల్టర్ కాఫ్‌మన్ అనే ఆయన కూర్చినాడు. హిట్లర్ కాలంలో యూరపు వదిలి మన దేశానికి వచ్చి తల దాచుకున్న యూదు సంగీతకారుడు ఆయన. మన పల్లెలు రోజూ పొద్దున విన్న రాగం ఒక పరదేశి చేసింది!

రాసుకున్నాక ఇంకొక పని చేయొచ్చు. స్టేషనుకు ఉత్తరం రాయొచ్చు. ఫలానా తేదీ, ఫలానా టైముకు, ఈ నంబరులో మీ స్టేషను విన్నాము, ఈ పాట వచ్చింది, ఇట్లా వినబడింది అని రాయాలి. పొగడ్తలు అక్కరలేదు. వివరాలు సరిగ్గా ఉండాలి. దూరం స్టేషను ఇంజనీర్లకు ఆ ఉత్తరం పనికి వస్తుంది. తమ మాట ఎంతదూరం పోయిందో వాళ్లకు వినేవాళ్లు చెప్తేనే తెలిసేది. వివరాలు సరిపోతే కొన్ని స్టేషన్లు ఒక కార్డు పంపుతాయి. దాన్ని క్యూ.ఎస్.ఎల్. కార్డు అంటారు. క్యూ.ఎస్.ఎల్. అనేది తంతి భాషలో ఒక గుర్తు. 'నాకు అందింది' అని దాని అర్థం. ఆకాశవాణి కూడా ఇట్లాంటి కార్డులు పంపింది. వినేవాళ్లు వాటిని దాచుకుంటారు.

నిన్నమొన్నటిదాకా వేలిముద్ర వేసిన చెయ్యి రాసిన ఉత్తరానికి, ఇంటి పేరుతో, ఊరి పేరుతో జవాబు వస్తే ఆ కార్డును దేవుడి పటం పక్కన పెట్టినా తప్పు లేదు.

అయితే ఒక మాట తెలిసి ఉండాలి. ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాలను చాలా చోట్ల తగ్గిస్తోంది. ఎఫ్.ఎం. పెంచుతోంది. న్యూస్ ఆన్ ఎయిర్ అనే యాప్ ద్వారా ఫోన్‌లో కూడా వినిపిస్తోంది. కాబట్టి ఇక్కడ రాసిన నంబరులో ఒక రోజు ఏమీ పలకకపోతే సెట్టుది తప్పనుకోవద్దు. 'ఈ రోజు వినబడలేదు' అని అదీ రాసుకోవాలి. వినేవాళ్లు ఎవరూ లేరనుకుంటే మూసేయడం తేలిక. వినేవాళ్ల ఉత్తరాలు ఉంటే అంత తేలిక కాదు.

వినకూడనివి

గాలిలో అందరి కోసం పోయే మాటలు ఉన్నాయి. కొందరి కోసమే పోయే మాటలూ ఉన్నాయి. పోలీసులు వైర్‌లెస్‌లో మాట్లాడుకుంటారు. విమానాలు, ఓడలు మాట్లాడుకుంటాయి. కొన్ని దేశాలలో స్కానర్ అనే యంత్రం దొరుకుతుంది. అది నంబర్లను తనంతట తానే వరుసగా వెతికి, మాట వినబడిన చోట ఆగుతుంది. అమెరికాలో చాలామంది దానితో పోలీసు, ఫైరింజను మాటలు వింటారు. మన దేశంలో అది కుదరదు. వైర్‌లెస్ యంత్రాలకు అనుమతి ఉండాలని 1933లోనే చట్టం వచ్చింది. 2023లో టెలికం కోసం కొత్త చట్టం చేశారు. పాటలూ వార్తలూ వినే మామూలు రేడియోకు ఏ అడ్డూ లేదు. ఎవరైనా వాకీటాకీ అమ్మజూపితే మాత్రం అడగకుండా కొనకూడదు.

మాట్లాడాలని ఉన్నవాళ్లకు కూడా దారి ఉంది. దాన్ని హ్యామ్ రేడియో అంటారు. 12 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవచ్చు. లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక గుర్తు పేరు ఇస్తారు. మన దేశంలో అది వి.యు. అనే అక్షరాలతో మొదలవుతుంది. ప్రధానిగా చేసిన రాజీవ్ గాంధీకి కూడా ఆ లైసెన్సు ఉండేది. హైదరాబాదులో దీని కోసం ఒక జాతీయ సంస్థ ఉంది.

ఆ సంస్థ తరఫున 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ అనే ఆమె అండమాన్ దీవులకు పోయింది. ఆ దీవుల నుంచి హ్యామ్ రేడియోలో మాట్లాడడానికి చాలా ఏళ్లుగా అనుమతి లేదు. కష్టపడి అనుమతి తెచ్చుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో యంత్రం పెట్టుకుని, ప్రపంచంలో వేలమందితో మాట్లాడింది. సరదాగా మొదలైన పని అది. డిసెంబరు 26న భూమి కంపించింది. సునామీ వచ్చింది. ఫోన్లు పోయినాయి. ఆమె యంత్రం మాత్రం పలుకుతూనే ఉంది. 'మావాళ్లు బతికి ఉన్నారా?' అని అడిగేవాళ్లకు, 'మేము బతికే ఉన్నాము' అని చెప్పేవాళ్లకు నడుమ ఆమె మాటలు మోసింది. ఆమె సర్కారు ఉద్యోగి కాదు. రేడియో మీద ఇష్టం ఉన్న ఒక గృహిణి.

మాట్లాడడం అంటే ఇంకొకటి కూడా గుర్తుకు వస్తుంది. అప్పటి మెదక్ జిల్లాలో, జహీరాబాదు వైపు మాచునూరు అనే ఊరు ఉంది. అక్కడ 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళలు. జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు దాని బరువు మోసినారు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి అక్కడి ఆడవాళ్లే తమ యాసలో మాట్లాడినారు. అది ఎఫ్.ఎం. కాబట్టి మైదుకూరు దాకా రాదు.

సెల్లులు దాచి పెట్టాలి

2021 నవంబరు 19న మన కడప జిల్లాలోనే, రాజంపేట వైపు, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు ఊర్ల మీద పడింది. పులపత్తూరు, మందపల్లి లాంటి ఊర్లు దెబ్బతిన్నాయి. ప్రాణాలు పోయాయి. కరువు సీమలో కూడా వరద వస్తుంది. అట్లాంటి వేళ కరెంటు ఉండదు. సెల్ టవరుకు కరెంటు లేకపోతే ఫోన్ కూడా బొమ్మే. రెండు సెల్లుల రేడియోకు కరెంటు అక్కరలేదు, టవరు అక్కరలేదు. దూరం ఊరి స్టేషను అయినా వార్త చెప్తుంది. అయితే ఆ రోజు కొత్తగా వెతుక్కుంటే దొరకదు. ఏ నంబరులో ఏ ఊరు, రాత్రి ఏది, పగలు ఏది అని ముందే పుస్తకంలో ఉండాలి. రెండు కొత్త సెల్లులు విడిగా దాచాలి. వాడని రోజుల్లో సెల్లులు సెట్టులోనే వదిలేస్తే చెమ్మ కారి సెట్టు పాడవుతుంది.

ఇక అత్తా కోడళ్ల ఇంటికి వద్దాం. తెల్లవారింది. కోడలు పుస్తకం తీసి చూసింది. రాత్రి మూడు వరుసలు రాసి ఉన్నాయి. అక్షరాలు వంకరగా ఉన్నాయి కానీ చదవడానికి వస్తాయి.

"ఇదేంది అత్తా, భాష కాడ తెలియదు అని రాసినావు?"

"తెలీలా. తమిళం కాదు, కన్నడం కాదు. ఆడమనిషే మాట్లాడతాండాది. నంబరు రాసుకున్యా గదా, ఈ పొద్దు రాత్రి మళ్లా చూస్తా. నువ్వూ కూచో."